ముక్కుకు రెండో ఆపరేషన్: పెళ్లికి ముందా, తర్వాతా?

ప్రశ్న:

డాక్టర్ గారికి నమస్కారం. నాకు 27 ఏళ్లు. మాది హనుమకొండ. ప్రైవేటు బ్యాంకులో ఉద్యోగం చేస్తున్నాను. చిన్నప్పుడు సైకిల్ మీంచి పడితే ముక్కుకు దెబ్బ తగిలి, దూలం మీద చిన్న బొడిపె మిగిలిపోయింది. ఏ ఫొటోలో చూసినా అదే కనిపిస్తోందని పోయిన ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని ఒక క్లినిక్‌లో రైనోప్లాస్టీ, అంటే ముక్కు ఆకారం సరిచేసే ఆపరేషన్, చేయించుకున్నాను. 8 నెలలైంది. బొడిపె పోయింది కానీ ఇప్పుడు ముక్కు మధ్యలో రెండు పక్కలా వేళ్లతో నొక్కినట్టు సొట్ట పడింది. లైటు కింద నిలబడితే తిరగేసిన 'వి' అక్షరంలా నీడ కనిపిస్తుంది. కొనకు పైన కొంచెం ఉబ్బు ఉంది. కుడివైపు గాలి సరిగా ఆడదు. గట్టిగా పీలిస్తే ఆ పక్క లోపలికి అతుక్కుపోతుంది. నోరు తెరుచుకుని పడుకోవడంతో పొద్దున లేచేసరికి గొంతు ఎండిపోతోంది.

లోపల ఏదో పెట్టామని ఆపరేషన్ అయ్యాక చెప్పారు, అది ఏమిటో నాకు తెలియదు. ఆ డాక్టర్ ఇంకో నాలుగు నెలలు ఆగమంటున్నారు. వేరే క్లినిక్ వాళ్లు సొట్టను మందుతో పూడ్చే ఫిల్లర్ ఇంజెక్షన్లతో అరగంటలో సరిచేస్తామని, కాదంటే వచ్చే నెలలోనే ఆపరేషన్ చేస్తామని అంటున్నారు. మార్చిలో నా పెళ్లి. అత్తగారు ముక్కు కుట్టించుకోమంటున్నారు. అబ్బాయికి ఈ ఆపరేషన్ సంగతి తెలియదు. అమ్మేమో, దేవుడిచ్చిన ముక్కును చేతులారా పాడు చేసుకున్నావని రోజూ ఏదో ఒకటి అంటోంది. బ్యాంకులో మాస్కు తీయాలంటేనే టెన్షన్‌గా ఉంది. మాకు ఏనుమాముల మార్కెట్ దగ్గర మిర్చి వ్యాపారం, సీజన్‌లో ఇంట్లో అందరికీ తుమ్ములే. నన్ను ఏం చేయమంటారు?

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పెళ్లి గురించి, అమ్మగారి మాటల గురించి వివరంగా రాశారు. గాలి ఆడటం లేదన్న సంగతి మాత్రం రెండు మూడు మాటల్లో తేల్చేశారు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. ముప్ఫై ఏళ్లకు పైగా చెవి, ముక్కు, గొంతు ఓపీలో కూర్చున్నవాణ్ణి. అందం కోసం చేసిన ఆపరేషన్లు నా చేతి మీద తక్కువే. అందం కోసం చేయించుకుని, గాలి ఆడక నా దగ్గరికి వచ్చినవాళ్లను మాత్రం చాలామందిని చూశాను.

ముక్కుసూటిగా ముందే చెప్పేస్తాను. మార్చిలోపు ఆపరేషన్ వద్దు. ఫిల్లర్ అసలే వద్దు. రెండో ఆపరేషన్ మీకు బహుశా అవసరమే అవుతుంది. అయితే దాన్ని గాలి కోసం చేయించుకోండి. గాలికి దారి సరిచేసే పనిలోనే ఆ సొట్ట కూడా చాలావరకు సర్దుకుంటుంది, ఎందుకంటే మీ విషయంలో రెండింటికీ కారణం ఒకటే అయ్యేలా ఉంది.

ఆ కారణం ఏమిటో అర్థం కావడానికి మన భాషలో ఉన్న మాటే చాలు. ముక్కు దూలం అంటాం కదా. పాత పెంకుటిల్లు కప్పు గుర్తు తెచ్చుకోండి. నడుమ దూలం, దాని మీద రెండు పక్కలా వాలిన వాసాలు. ముక్కు నిర్మాణం కూడా సరిగ్గా అంతే. పైభాగంలో, అంటే కళ్లద్దాలు ఆనే చోట, గట్టి ఎముక ఉంటుంది. దాని కింద మధ్య భాగమంతా మెత్తటి ఎముక, మేం కార్టిలేజ్ అంటాం. ముక్కును రెండుగా విడదీసే నడిమి గోడ దూలమైతే, దానికి అటూ ఇటూ ఆనుకున్న రెండు పలకలు వాసాలు. బొడిపె తీయడమంటే ఆ కప్పు కొప్పును చెక్కేయడమే. చెక్కినప్పుడు వాసాలు దూలానికి అతుక్కున్న చోటు కూడా తెగుతుంది. వాటిని మళ్లీ దూలానికి సరిగా కట్టకపోతే నెలలు గడిచేకొద్దీ మెల్లగా లోపలికి జారతాయి. పైనున్న ఎముక జారదు కాబట్టి ఎముక అంచు ఎక్కడ ఆగిందో అక్కడ నీడ పడుతుంది. మీరు చెప్పిన తిరగేసిన 'వి' అదే. లోపల చూస్తే, గాలి వెళ్లే దారిలో అన్నిటికంటే ఇరుకైన సందు కూడా ఆ వాసం, దూలం కలిసే మూలలోనే ఉంటుంది. అది మామూలుగానే చాలా సన్నం. వాసం కాస్త జారినా ఆ సందు మూసుకుపోతుంది. గట్టిగా పీల్చినప్పుడు పక్క గోడ అతుక్కుపోవడానికి కారణం ఇదే.

ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. కుడి చెంప మీద, ముక్కు పక్కనే, రెండు వేళ్లు ఆనించి చెంపను మెల్లగా చెవి వైపు లాగి పట్టుకోండి. ఎడమ రంధ్రాన్ని నొక్కకుండా కింద నుంచి వేలితో మూసి, కుడివైపు గాలి పీల్చండి. లాగినప్పుడు హాయిగా గాలి ఆడి, వదలగానే మళ్లీ అడ్డుపడితే సందేహం ఆ సందు మీదికే వెళ్తుంది. దీన్ని కాటిల్ పరీక్ష అంటారు. మంచి ముక్కున్న వాళ్లకు కూడా లాగితే కొంత తేడా తెలుస్తుంది కాబట్టి దీంతోనే రోగం తేల్చేయకండి. డాక్టర్‌కు చెప్పడానికి ఒక ఆధారంగా పనికొస్తుంది, అంతే.

ఇక్కడ మీ ఇంటి మిర్చి సంగతి కూడా మాట్లాడుకోవాలి. ఘాటుకు, దుమ్ముకు ముక్కు లోపలి పొర ఉబ్బినా గాలి అడ్డుపడుతుంది. మీకు రెండూ కలిసి ఉండొచ్చు. డాక్టర్ ముక్కులో పొర ఉబ్బు తగ్గించే చుక్కలు వేసి పావుగంట తర్వాత మళ్లీ చూస్తే ఏది ఎంతో తేలుతుంది. చుక్కలతో దారి తెరుచుకుంటే ఆ మేరకు తప్పు పొరది. తెరుచుకోకపోతే కప్పుది. మొదటి ఆపరేషన్ చేసిన డాక్టర్‌ను తిట్టుకునే ముందు ఈ లెక్క తేల్చుకోవడం న్యాయం. ఆ చుక్కలు బాగున్నాయి కదా అని మెడికల్ షాపులో కొని రోజూ వేసుకోకండి. ఐదు రోజులు దాటితే అవే ముక్కును మూసేస్తాయి, ఆ తర్వాత అవి లేకుండా నిద్ర పట్టదు. ఒక సీసా ఎప్పుడూ చొక్కా జేబులో పెట్టుకుని తిరిగే పెద్దమనుషులను మన మార్కెట్‌లోనే చాలామందిని చూశాను.

అప్పటిదాకా ఉపశమనానికి రెండు దారులున్నాయి. ఒకటి ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం. అర లీటరు నీళ్లు మరిగించి చల్లార్చి, టీ చెంచాకు కొంచెం తక్కువ ఉప్పు కలపాలి. నల్లా నీళ్లు నేరుగా ముక్కులోకి ఎప్పుడూ పోయకూడదు. రెండోది, రాత్రిపూట ముక్కు మీద అంటించుకునే పట్టీలు. మందుల షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అవి వాసాలను పక్కకు లాగి పట్టుకుంటాయి. అవి పెట్టుకుంటే నిద్ర బాగా పడితే, అది కూడా డాక్టర్‌కు చెప్పాల్సిన ఆధారమే.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టిన మాట. "లోపల ఏదో పెట్టామని చెప్పారు, అది ఏమిటో తెలియదు." సొట్ట కంటే, గాలి కంటే ముందు తేలాల్సింది ఇదే. పెట్టింది మీ ఒంట్లో నుంచే తీసిన కార్టిలేజా, లేక సిలికాన్ లాంటి బయటి వస్తువా? ముక్కు నడిమి గోడలోంచి తీసి ఉంటే, రెండో ఆపరేషన్‌కు అక్కడ సరుకు మిగిలి ఉండకపోవచ్చు. ఆ గోడలో ముందు వైపు, పై వైపు కనీసం ఒక సెంటీమీటరు వెడల్పున వదిలేయాలి, లేకపోతే ముక్కే కుంగిపోతుంది. సిలికాన్ అయితే కథ వేరు. అది ఏళ్ల తర్వాత కూడా పక్కకు జరగొచ్చు, చీము పట్టొచ్చు, కొన దగ్గర చర్మాన్ని పల్చబరిచి బయటికి పొడుచుకు రావచ్చు. మీకు ముక్కు కొన ఎర్రబడినా, చర్మం మెరుస్తూ పల్చబడినట్టున్నా, నొప్పి, జ్వరం, చీము కనిపించినా ఇంకా ఆగాలన్న మాట పక్కనపెట్టి వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. ముక్కులోంచి ఆగకుండా రక్తం వచ్చినా, ముందుకు వంగినప్పుడు నీళ్లలాంటిది ధారగా కారినా అంతే.

కాబట్టి మొదటి పని కాగితాలు. మొదటి ఆపరేషన్ చేసిన క్లినిక్‌కు ఒక ఉత్తరం రాసి, దాని కాపీ మీద ముట్టినట్టు సంతకం తీసుకోండి. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే అడిగితే చాలదు. ఆపరేషన్‌లో ఏం చేశారో రాసుకునే ఆపరేషన్ నోట్స్, లోపల పెట్టిన వస్తువు ప్యాకెట్ మీది స్టిక్కర్, మీరు సంతకం చేసిన సమ్మతి పత్రం, ముందూ వెనకా తీసిన ఫొటోలు, ఇవన్నీ పేరుపేరునా అడగండి. పేషెంటు అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య వృత్తి నియమావళి చెబుతోంది. బతిమాలుకోవాల్సిన పని లేదు, పోట్లాడాల్సిన పనీ లేదు. "ఇంకో డాక్టర్‌కు చూపించుకోవాలి, కాగితాలు కావాలి" అంటే చాలు. మర్యాద ఉన్న డాక్టర్ దీనికి నొచ్చుకోడు.

ఇక ఆగమన్న మాట. మీ మొదటి డాక్టర్ ఈ విషయంలో సరిగానే చెప్పారు. తప్పించుకోవడానికి అలా అంటున్నారని మీకు అనిపించి ఉంటుంది, చాలామందికి అలాగే అనిపిస్తుంది. కానీ ముక్కు ఆపరేషన్ వాపు పైకి కనిపించేది రెండు మూడు వారాల్లో పోయినా, లోపలిది, ముఖ్యంగా కొన దగ్గరిది, ఏడాది దాకా తగ్గుతూనే ఉంటుంది. చర్మం మందంగా ఉన్నవాళ్లకు అంతకంటే ఎక్కువే పడుతుంది. కోసిన చోట్ల లోపల మచ్చ మొదట గట్టిపడి, తర్వాత మెల్లగా మెత్తబడుతుంది. గట్టిగా ఉన్నప్పుడు మళ్లీ తెరిస్తే పొరలు విడవవు, చిరుగుతాయి, రక్తం ఎక్కువ పోతుంది, చర్మానికి వెళ్లే రక్తనాళాలు దెబ్బతింటాయి. మీకు కొన పైన ఉన్న ఉబ్బునే తీసుకోండి. అది మచ్చ కావచ్చు, తీయకుండా మిగిలిపోయిన కార్టిలేజ్ కావచ్చు. మచ్చ అయితే కొద్దిపాటి స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో అణగొచ్చు, కత్తి అక్కర్లేదు. రెండింట్లో ఏదో ఈ రోజు తెలియదు, నాలుగు నెలలు పోతే తెలుస్తుంది. కాజీపేట రైల్వే కాలనీ నుంచి ఒకబ్బాయి వచ్చేవాడు. ఓపిక లేక ఐదో నెలలో ఒకసారి, మళ్లీ ఏడాది తిరక్కుండా ఇంకోసారి చేయించుకున్నాడు. మూడు ఆపరేషన్ల తర్వాత అతని బాధంతా చర్మంతోనే. అతుక్కుపోయిన చర్మం కింద ఏం పెట్టినా గీతలు గీతలుగా పైకి కనిపించేది.

అరగంటలో సరిచేస్తామన్న ఫిల్లర్ గురించి నా మాట కఠినంగానే ఉంటుంది. ముఖంలో ఫిల్లర్‌కు ప్రమాదకరమైన చోట్లలో ముక్కు ఒకటి. అక్కడి రక్తనాళాలకు కంటి నాళాలతో సంబంధం ఉంది. మందు పొరపాటున నాళంలోకి పోతే చర్మం నల్లబడి చచ్చిపోవచ్చు, చూపు కూడా పోవచ్చు. ఒకసారి ఆపరేషన్ అయిన ముక్కులో నాళాలు ఉండాల్సిన చోట ఉండవు, కొన్ని తెగిపోయి ఉంటాయి, మిగిలినవి మచ్చలో చిక్కుకుని ఉంటాయి. అనుభవమున్న చేతికే అది కష్టం. పోనీ అంత సాహసం చేసినా, ఫిల్లర్ సొట్టను పైపైన పూడుస్తుందే తప్ప లోపలికి జారిన వాసాన్ని లేపదు. గాలి అలాగే ఉంటుంది. మీ కాగితాలు అడక్కుండా, ముక్కు లోపల లైటు వేసి చూడకుండా, వచ్చే నెలలో ఆపరేషన్ చేస్తామన్నవాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లకండి.

రెండో ఆపరేషన్‌లో ఏం చేస్తారంటారా? జారిన కప్పుకు ఇంట్లో మేస్త్రి ఏం చేస్తాడో అదే. దూలానికి రెండు పక్కలా సన్నటి బద్దలు పెట్టి, వాసాలను వాటికి ఆనించి కుడతారు. సందు తెరుచుకుంటుంది, బయట నీడ పోతుంది. ఈ పద్ధతి గురించి 1984లో అమెరికా సర్జన్ జాక్ షీన్ రాశాడు. రైనోప్లాస్టీ తర్వాత కుంగిన నడిమి కప్పును మళ్లీ నిలబెట్టడం గురించే ఆ వ్యాసం. అంటే మీకు వచ్చింది కొత్త జబ్బేమీ కాదు. మొదటిసారి చేయించుకున్న ప్రతి 100 మందిలో 5 నుంచి 15 మందికి మళ్లీ ఏదో ఒక సవరణ అవసరమవుతుందని వైద్యులు తరచూ చెప్పే లెక్క. మీ ఒక్కరికే ఇలా జరిగిందని మాస్కు వెనక దాక్కోవాల్సిన పని లేదు.

అసలు కష్టం ఆ బద్దలు ఎక్కడి నుంచి తేవాలన్నది. నడిమి గోడలో మిగిలి ఉంటే అదే మేలు, నిటారుగా ఉంటుంది. లేకపోతే చెవి డిప్ప లోంచి తీస్తారు. మచ్చ చెవి వెనక దాగిపోతుంది, చెవి ఆకారం పెద్దగా మారదు. కానీ ఆ కార్టిలేజ్ వంపు తిరిగి, మెత్తగా ఉంటుంది. బలం కావాల్సిన చోటికి అంతగా చాలదు. రెండూ కుదరకపోతే పక్కటెముక కొసన ఉండే కార్టిలేజ్. అక్కడ సరుకుకు కొదవ లేదు, మీ వయసులో ఇంకా ముదిరి ఎముకగా మారి ఉండదు కూడా. ఆడవాళ్లకు రొమ్ము కింది మడతలో కోత పెడతారు కాబట్టి మచ్చ కనిపించదు. దానికీ ఖరీదు ఉంది. కొద్ది వారాలు దగ్గినా నవ్వినా నొప్పి, చెక్కిన ముక్క తర్వాత వంకర తిరిగే అవకాశం, అరుదుగా ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొరకు గాయం. మీ డాక్టర్ వీటిలో ఏది ఎంచుకుంటున్నారు, ఎందుకు అన్నది అడగండి. "అది మేం చూసుకుంటాం" అన్నారంటే, మొదటిసారి కూడా అలాగే అని ఉంటారు కదా, గుర్తు చేసుకోండి.

ఒక మాట ఇప్పుడే మనసులో వేసుకోవాలి. రెండో ఆపరేషన్ మొదటిదాని కంటే కష్టం, ఎక్కువ సేపు పడుతుంది, మూడు నుంచి ఐదు గంటలు కూడా పట్టొచ్చు. పూర్తి మత్తు ఇస్తారు. దాంతో సైకిల్ మీంచి పడకముందు ఉన్న ముక్కు తిరిగి రాదు, కంప్యూటర్‌లో మార్చి చూపించిన ముక్కు కూడా రాదు. ఇప్పటి కంటే బాగుంటుంది, గాలి ఆడుతుంది. "గాలి బాగా ఆడి, ఆకారం సగమే మెరుగైతే నేను ఒప్పుకుంటానా?" అని మీరే అడిగి చూసుకోండి. ఒప్పుకుంటానని అనిపిస్తే ముందుకు వెళ్లండి. లేదని అనిపించినా, రోజులో గంటల తరబడి అద్దంలోనే గడుస్తున్నా, సర్జన్ కంటే ముందు ఒకసారి మానసిక వైద్యుల దగ్గర కూర్చుని మాట్లాడండి. పిచ్చి అని కాదు. ఎనిమిది నెలలుగా ఇంట్లో మాట పడుతూ, ఆఫీసులో మాస్కు కింద దాక్కుంటూ ఉన్న మనిషికి అది అవసరమే.

ఎవరికి చూపించాలంటే, ముందు ఇక్కడే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో గానీ మీకు తెలిసిన ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర గానీ ఎండోస్కోపీతో, అంటే సన్నటి కెమెరా గొట్టంతో, ముక్కు లోపల చూపించుకోండి. నడిమి గోడకు రంధ్రం పడిందా అన్నది కూడా అప్పుడే తెలుస్తుంది. పడి ఉంటే ఊపిరి తీసేటప్పుడు ఈల వేసినట్టు వస్తుంది, చెక్కులు కడతాయి. ఆ రిపోర్టు, పాత కాగితాలు పట్టుకుని హైదరాబాద్ వెళ్లండి. నిమ్స్‌లో, ఉస్మానియాలో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి, కోఠీలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. ప్రైవేటులో అయితే ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ, అంటే ఆ సర్జరీలో పై చదువు, చేసిన ప్లాస్టిక్ సర్జన్, లేదా ముక్కు సర్జరీలే ఎక్కువగా చేసే ఈఎన్‌టీ సర్జన్. బోర్డు మీది డిగ్రీలను నమ్మకండి, తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌లో పేరు రిజిస్టర్ అయి ఉందో లేదో చూసుకోండి. ఇద్దరి అభిప్రాయం తీసుకోండి. ఐదుగురి దగ్గరికి తిరిగితే ఐదు రకాల ముక్కులు మీ తలలో తిరుగుతాయి, అంతకు మించి లాభం ఉండదు.

డబ్బు సంగతి. మొదటి డాక్టరే ఉచితంగా సరిచేస్తానంటే, ఉచితమైంది ఆయన ఫీజేనా, థియేటరు, మత్తు డాక్టర్ ఖర్చులు కూడానా అని కాగితం మీద రాయించుకోండి. ఆరోగ్య బీమా అందం కోసం చేసే ఆపరేషన్‌కు ఇవ్వదు. గాలి ఆడని సమస్యకు అవసరమైన భాగాన్ని డాక్టర్ విడిగా రాసిస్తే అడిగి చూడొచ్చు, ఆపరేషన్‌కు ముందే కంపెనీ నుంచి జవాబు తెప్పించుకోవాలి. ఫలితం బాగా రానంత మాత్రాన అది నిర్లక్ష్యం కిందికి రాదు. కానీ మీకు చెప్పకుండా బయటి వస్తువు లోపల పెట్టి ఉంటే అది వేరే సంగతి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలంటే 2019 చట్టం ప్రకారం రెండేళ్ల గడువు ఉంది. ఇప్పుడే కోర్టు ఆలోచన వద్దు, ఆ తేదీ మాత్రం ఎక్కడైనా రాసి పెట్టుకోండి.

పెళ్లి దగ్గరికి వద్దాం. మార్చిలో ముహూర్తం పెట్టుకుని జనవరిలో ఆపరేషన్ చేయించుకుంటే పెళ్లిపీటల మీద ఉబ్బిన ముక్కుతో కూర్చుంటారు. ఇప్పటి ముక్కుతోనే కూర్చోండి. మీరు చెప్పిన నీడను పక్క నుంచి పడే లైటు ఎక్కువ చేస్తుంది. ఫొటోగ్రాఫర్‌కు ఎదురు లైటు పెట్టమని ఒక మాట చెబితే సగం పోతుంది. ముక్కు మాత్రం కుట్టించుకోవద్దు. బలం తగ్గిన పక్క మీద, రేపో మాపో మళ్లీ కోయాల్సిన చోట పొడిపించుకుంటే చీము పట్టే ప్రమాదాన్ని కొని తెచ్చుకున్నట్టే. కుట్టించుకోకుండా నొక్కి పెట్టుకునే ముక్కుపుడకలు ఇప్పుడు ఏ బంగారం షాపులోనైనా చేసిస్తారు. తేలికైనది తీసుకుని, తంతు అయ్యేదాకా ఎడమవైపు పెట్టుకుని, తర్వాత తీసేయండి. డాక్టర్ వద్దన్నారని అత్తగారికి చెప్పండి. నా పేరు చెప్పినా ఫరవాలేదు.

అబ్బాయికి చెప్పాలా వద్దా అని మీరు సూటిగా అడగలేదు, అయినా చెబుతున్నాను. చెప్పండి. పెద్దల ద్వారా కాదు, మీరే, పెళ్లికి ముందే. నీతి కోసం కాదు, ఆచరణ కోసం అంటున్నాను. పెళ్లైన మొదటి ఏడాదిలోనే మీకు ఒక పెద్ద ఆపరేషన్ ఉంది. డబ్బు కావాలి, సెలవు కావాలి, పక్కన ఒక మనిషి కావాలి. దానికి ముందు గర్భం రాకుండా చూసుకోవాలి, ఎందుకంటే గర్భంతో ఉన్నప్పుడు ఇలాంటి ఆపరేషన్ చేయరు. అసలు ఆ నెలల్లో ముక్కు దానంతటదే దిబ్బడ వేస్తుంది. ఇవన్నీ అతనికి తెలియకుండా ఎలా జరుగుతాయి?

మరి ఎప్పుడు చేయించుకోవాలి? నన్నడిగితే ఆషాఢంలో. కొత్త కోడళ్లు ఎలాగూ పుట్టింటికి వస్తారు. పంచాంగాన్ని బట్టి జూన్ చివరో, జూలైనో అవుతుంది. మొదటి ఆపరేషన్‌కు ఏడాది దాటి రెండు మూడు నెలలవుతుంది. మార్కెట్‌కు మిర్చి రావడం బాగా తగ్గిపోయి ఉంటుంది. ఎండ తగ్గి ఉంటుంది, చర్మానికీ మంచిది. మొదటి వారం హైదరాబాద్‌లోనే ఉండండి, పైనున్న పట్టీ తీసేది అప్పుడే. తర్వాత హనుమకొండ వచ్చి అమ్మ దగ్గర రెండు మూడు వారాలు తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవడమే పని. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, చీదకూడదు, వంగి బిందెలు ఎత్తకూడదు. కళ్లద్దాలుంటే నెల, నెలన్నర దాకా ముక్కు మీద ఆనించకూడదు. రెండు వారాల ముందు నుంచి చేపనూనె, వెల్లుల్లి మాత్రలు, విటమిన్ ఇ లాంటివి ఆపాలి. ఆస్పిరిన్ వాడుతుంటే డాక్టర్‌ను అడిగి ఆపాలి. బ్యాంకులో కనీసం రెండు వారాల సెలవు ఇప్పుడే చూసుకోండి.

అమ్మగారికి ఒక మాట. దేవుడిచ్చిన ముక్కే, కాదనను. కానీ తెగిన ముక్కును చెంప చర్మంతో మళ్లీ కట్టడం సుశ్రుత సంహితలోనే ఉంది. పూనా దగ్గర నుదుటి చర్మంతో చేసిన అలాంటి ఆపరేషన్ గురించి 1794లో లండన్ పత్రికలో చదివాకే యూరప్ డాక్టర్లకు దాని మీద ఆసక్తి పుట్టింది. ముక్కు బాగుచేయించుకోవడం ఈ నేల మీద పాపమేమీ కాదు. ఆషాఢంలో మీ అమ్మాయికి కావాల్సింది తల కింద రెండు దిండ్లు, నమలకుండా మింగే మెత్తటి అన్నం. ఆ రెండూ చూసుకోండి.

ఇప్పటికి సోమవారం ఆ క్లినిక్‌కు ఉత్తరం ఇచ్చి రండి. కాగితాలు చేతికొచ్చాక లోపల పెట్టింది ఏమిటో నాకు రాయండి. సిలికాన్ అని తేలితే ఈ ఆషాఢం లెక్క మారొచ్చు.